నడినెత్తి తప్ప ఇంకెటూ చూడని టెలిస్కోప్: దేవస్థల్ ప్రయాణం

నవంబర్ 26, కాఠ్‌గోదామ్ – నైనితాల్

నైనితాల్ వెళ్తున్నామంటే ఇంట్లో అందరూ స్వెట్టర్ల గురించి, చెరువులో బోటు షికారు గురించి మాట్లాడారు గానీ, పాదరసంతో చేసిన ఒక అద్దాన్ని చూడ్డానికి వెళ్తున్నామంటే ఎవరూ పట్టించుకోలేదు. వెళ్లింది నేనూ, మా బాబాయీ. బాబాయి గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. నైనితాల్ దగ్గర్లోని దేవస్థల్ కొండ మీద 4 మీటర్ల లిక్విడ్ మిర్రర్ టెలిస్కోప్ పనిచేయడం మొదలెట్టిందని 2022లో పేపర్లో చదివిన దగ్గర్నుంచీ "ఒక్కసారి చూసొద్దాం రా" అని నా ప్రాణం తీస్తున్నాడు.

తెల్లారకముందే కాఠ్‌గోదామ్‌లో దిగాం. స్టేషన్ బయట షేర్ టాక్సీ అతను మనిషికి రెండు వందలన్నాడు. సరేనని ఎక్కి కూర్చున్నాక, ఇంకో ఇద్దరు దొరికేదాకా బండి కదలదన్నాడు. అరగంట చలిలో వణికాక ఒక కొత్త జంట దొరికింది. వాళ్లు మనిషికి నూట యాభైకి బేరమాడి ఎక్కారు. బాబాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నైనితాల్ గురించి ఎక్కువ రాయను, రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. తల్లీతాల్ బస్టాండ్ వెనక సందులో ఒకామె పెట్టుకున్న చిన్న హోటల్లో తిన్న తిండి గురించి మాత్రం చెప్పాలి. ఆలూ కే గుట్కే అని ఉడికించిన బంగాళాదుంప ముక్కల్ని ఆవనూనెలో ఎండుమిర్చి, ధనియాలతో వేయిస్తారు. దానికి తోడు కీరాదోసకాయ రాయతా. మామూలు రాయతా అనుకుని బాబాయి పెద్ద గరిటెడు నోట్లో పెట్టుకున్నాడు, ఆ ఘాటు ముక్కులోంచి మాడుకెక్కింది. పచ్చి ఆవాలు నూరి కలుపుతారట. కళ్లు తుడుచుకుంటూ "ఒరేయ్, ఇది మన ఆవ పెట్టిన పెరుగుపచ్చడే కదరా" అని ఇంకో గిన్నె అడిగాడు. ఇద్దరికీ టీతో సహా నూట డెబ్బై అయింది. మాల్ రోడ్డు మీద అదే డబ్బుకి ఒక కాఫీ వస్తుంది, అంతే.

నవంబర్ 27, మనోరా పీక్

ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో మనోరా పీక్ మీద ఏరీస్ ఉంది, ఆర్యభట్ట పేరు పెట్టుకున్న పరిశోధన సంస్థ. దేవస్థల్ కూడా వీళ్లదే. కొండ మీదికి టాక్సీ అతను నాలుగు వందలు తీసుకున్నాడు, కిందికి మాత్రం దేవదారు చెట్ల మధ్య నుంచి హనుమాన్‌గఢీ దాకా నడిచొచ్చాం.

ఇక్కడ మన హైదరాబాద్ వాసన కొంచెం ఉంది. ఈ సంస్థ 1954లో వారణాసిలో యూపీ స్టేట్ అబ్జర్వేటరీగా మొదలైంది. ఆ తొలి ఏళ్లలోనే ఇందులో చేరి, నైనితాల్‌లో దీన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన మనిషి. వాళ్ల నాన్న బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. 1960లో బప్పు కొడైకెనాల్ వెళ్లిపోయారు, ఆ మరుసటేడాది అబ్జర్వేటరీ ఈ మనోరా పీక్ మీదికి మారింది. ఆయన పేరున్న టెలిస్కోప్ తమిళనాడు కావలూర్‌లో ఉందని తెలుసు గానీ, ఈ కొండతో ఆయనకి ఇంత సంబంధం ఉందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

1972 నాటి 104 సెంటీమీటర్ల సంపూర్ణానంద్ టెలిస్కోప్‌ని డోమ్ లోపల చూశాం. అది మనందరికీ తెలిసిన తరహా: గాజు అద్దం, దాన్ని మోసే పెద్ద ఇనప చట్రం, ఎటు కావాలంటే అటు తిప్పుకునే ఏర్పాటు. బాబాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "చూసుకో, రేపు చూడబోయేదానికి ఇందులో సగం సరంజామా ఉండదు" అన్నాడు. పక్కనే ఉన్న స్కూలు పిల్లలు ఈయన్ని గైడ్ అనుకుని దగ్గరికొచ్చారు. ఇక చెప్పేదేముంది, వచ్చీరాని హిందీలో పావుగంట క్లాసు.

నవంబర్ 28, భీమ్‌తాల్, పదంపురీ, ధానాచూలీ

దేవస్థల్‌కి బస్సులు లేవు. టాక్సీ మూడు రోజులకి మాట్లాడుకుంటే, రాత్రుళ్లు డ్రైవర్ భోజనం, పడకతో కలిపి ఆరున్నర వేలయింది. డ్రైవర్ కుర్రాడు హల్ద్వానీవాడు, వాగుడుకాయ. ఏం చూడబోతున్నామో చెబితే "ఓహో, పారే వాలీ దూర్బీన్" అన్నాడు. అంటే పాదరసం టెలిస్కోప్. ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా అదే మాట. తరవాత అతనడిగిన ప్రశ్న మాత్రం బాబాయికి తెగ నచ్చేసింది: "ఇంత చలికి పాదరసం గడ్డకట్టదా సార్?"

గడ్డకట్టదు. పాదరసం గడ్డకట్టాలంటే మైనస్ 39 డిగ్రీల దాకా పడిపోవాలి, ఇక్కడ అంత చలి రాదు. గది వేడిలో ద్రవంగా ఉంటూ అద్దంలా మెరిసే లోహం కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. అలా మొదలైన పాఠం భీమ్‌తాల్ నుంచి పదంపురీ దాకా మలుపు మలుపుకీ సాగింది.

ఒక పళ్లెంలో ద్రవం పోసి సమానమైన వేగంతో తిప్పితే, మధ్యలో పల్లంగా, అంచుల దగ్గర ఎత్తుగా సర్దుకుంటుంది. ఆ ఒంపు ఏదో ఒక ఒంపు కాదు, కచ్చితంగా పరావలయం. టెలిస్కోప్ అద్దానికి కావాల్సింది అదే. గాజుని ఆ ఆకారంలోకి అరగదీయడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, ద్రవం మాత్రం తిప్పితే చాలు, తనంతట తానే వచ్చేస్తుంది. ద్రవం ఏదైనా, బరువెంతైనా తేడా లేదు, వేగం ఒక్కటే లెక్క. "ఫోకస్ ఎనిమిది మీటర్ల ఎత్తులో పడాలనుకో. గురుత్వ త్వరణాన్ని, రెండింతల ఫోకస్ దూరంతో భాగించి వర్గమూలం తీయి. ఒక చుట్టుకి ఎంతసేపు?" అని నన్నడిగాడు. ఆ మలుపుల్లో నాకు కడుపులో తిప్పుతోంది, ఈయనకి వర్గమూలం కావాలి. చివరికి తనే చెప్పాడు: ఎనిమిది సెకన్లు.

ఈ ఊహ కొత్తది కాదట. 1850లో నేపుల్స్ అబ్జర్వేటరీకి చెందిన ఎర్నెస్టో కపోచ్చీ ఇలా చేయొచ్చని రాశాడు. 1872లో న్యూజిలాండ్ డునెడిన్‌లో హెన్రీ స్కే 35 సెంటీమీటర్ల అద్దాన్ని తిప్పి చూపించాడు. 1909లో అమెరికాలో రాబర్ట్ వుడ్ లాంగ్ ఐలాండ్‌లో గొయ్యి తవ్వించి, అడుగున 20 అంగుళాల పాదరసం పళ్లెం పెట్టి, పైనుంచి తొంగి చూసేవాడు. నక్షత్రాలు కనిపించాయి గానీ రెండు బాధలు. మోటారు ఏమాత్రం అదిరినా పాదరసం మీద అలలు లేస్తాయి. ఇంకోటి అంతకన్నా మొండిది. గాజు అద్దాన్ని పక్కకి వంచి నక్షత్రం వెంట తిప్పొచ్చు, పాదరసాన్ని వంచితే ఒలికిపోతుంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నక్షత్రం జారిపోతూ ఉంటుంది, ఫొటో తీస్తే గీత పడుతుంది. అక్కడితో దాదాపు డెబ్బై ఏళ్లు ఎవరూ దాన్ని గట్టిగా పట్టించుకోలేదు.

పాఠంలో మునిగిపోయి మేం, మా మాటలు వింటూ డ్రైవరూ ధానాచూలీ దాటిపోయాం. రోజూ టూరిస్టుల్ని ముక్తేశ్వర్ తీసుకెళ్లే అలవాటున్న చెయ్యి కదా, బండి దానంతటదే ఆ రోడ్డెక్కింది. చాలా దూరం పోయాక ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన్ని ఆపి అడిగితే, ఆయన దారి చెప్పకుండా ముందు ఎక్కడినుంచి వచ్చాం, ఎంతమందిమి, టీ తాగామా లేదా అన్నీ కనుక్కున్నాడు. ఇక్కడివాళ్లంతా ఇంతే. అన్నయ్యని పిలిచినట్టు "దాజ్యూ" అని పలకరించి, కుశల ప్రశ్నలన్నీ అయ్యాకే అసలు విషయానికొస్తారు. హడావుడిగా "దేవస్థల్ ఎటు?" అంటే మొహం మాడ్చుకుంటారు. వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది.

ఆ తిరుగుదారిలోనే మంచి తిండి దొరికింది. రోడ్డు పక్క ఇంటి డాబా మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఎండలో కూర్చుని పెద్ద ఇత్తడి పళ్లెంలో ఏదో కలుపుతున్నారు. మా వెర్రి చూపులు చూసి పిలిచారు. మన దబ్బకాయంత నిమ్మకాయని తొనలు వలిచి, ముల్లంగి ముక్కలు, పెరుగు, బెల్లం, ఉప్పు, కొత్తిమీర వేసి, వేయించి నూరిన భాంగ్ గింజల ముద్దతో చేత్తో పిసికి కలుపుతారు. నింబూ సాన్ అంటారు. ఒక్క ముద్దలో పులుపు, తీపి, కారం, నూనెగింజల కమ్మదనం అన్నీ ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. భాంగ్ అనగానే బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గింజల్లో మత్తేమీ ఉండదని వాళ్లు నవ్వి నవ్వి చెప్పాక తిన్నాడు, తిన్నాక పళ్లెం వదల్లేదు. డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డారు. ఆ ఇంటి పిల్లాడి చేతిలో వంద పెట్టబోయినా వాళ్లమ్మ తిరిగిచ్చేయించింది.

అదే రోజు రాత్రి, ధానాచూలీ

దిగింది ఒక హోమ్‌స్టేలో, భోజనంతో మనిషికి పదకొండు వందలు. రాత్రి మడువా రొట్టె, భట్ కీ చుడ్‌కానీ పెట్టారు. మడువా అంటే మన రాగులే. భట్ అంటే నల్ల సోయా లాంటి చిన్న గింజ, వేయించి ఇనప మూకుట్లో నల్లగా ఉడికిస్తారు. వేడి అన్నంలో నెయ్యేసుకుని తింటే ఇంకేం అక్కర్లేదు. వేడినీళ్ల విషయం మాత్రం బకెట్‌కి పైసలు విడిగా అని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

కార్తీకం చివరి రోజులు, తెల్లవారుజామున గానీ చంద్రుడు రాడు. ఎనిమిదింటికి బయటికొచ్చి తల పైకెత్తితే సరిగ్గా మాడు మీద ఒక నక్షత్రం. బాబాయి కాసేపు లెక్కేసుకుని చెప్పాడు, ఉత్తరాభాద్రలోని రెండు తారల్లో పైది, ఇంగ్లీషులో ఆల్ఫెరాట్జ్. ఈ అక్షాంశం దగ్గర అది దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. "ఆ కొండ మీద పాదరసం ఇప్పుడు చూసేది ఈ దారినే" అన్నాడు. ఆ టెలిస్కోప్ చూడగలిగేది పైనున్న సన్నటి పట్టీ ఒక్కటే, వెడల్పు 22 ఆర్క్ నిమిషాలు. అంటే పున్నమి చంద్రుడి వెడల్పు కూడా ఉండదు. రాత్రంతా ఆకాశం ఆ పట్టీలోంచి జరిగిపోతుంటే చూస్తూ ఉండటమే దాని పని.

నాకు ముందు ఇదో లోపంలా అనిపించింది. ఇంత ఖర్చు పెట్టి ఆకాశంలో ఒక దారం ముక్క చూడటమేంటి?

నవంబర్ 29, దేవస్థల్

పొద్దున్నే అడవిలోంచి సన్నటి ఘాట్ రోడ్డు. 2450 మీటర్ల ఎత్తు. మబ్బు లేకపోవడంతో ఉత్తరాన మంచుకొండలు వరసగా, త్రిశూల్, నందాదేవి. గేటు దగ్గర కాగితాలు చూసి, పేర్లు రాసుకుని, ఫోన్లు సైలెంట్‌లో పెట్టమన్నారు. ముందస్తు అనుమతి లేకుండా ఊరికే వస్తే లోపలికి పంపరు.

పైన ముందు కళ్లకి కనిపించేది 3.6 మీటర్ల ఆప్టికల్ టెలిస్కోప్ భవనం. 2016లో బ్రసెల్స్ నుంచి రెండు దేశాల ప్రధానులు బటన్ నొక్కి మొదలుపెట్టింది అదే. దాంతో పోలిస్తే మన పాదరసం టెలిస్కోప్ షెడ్డు చూస్తే ఏదో గోడౌన్ అనుకుంటారు. పైకప్పు జరుగుతుంది, అంతే. డోమ్ ఎందుకు? ఎటూ తిరగని దానికి తిరిగే గోపురం అక్కర్లేదు.

మమ్మల్ని పాదరసం ఉన్న చోటికి వెళ్లనివ్వలేదు, తలుపు దగ్గర్నుంచే చూడనిచ్చారు. చెబుతున్న ఇంజినీరు ఓపికమంతుడు, బాబాయి ప్రశ్నలకి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. 4 మీటర్ల గిన్నె, దాని లోపలి తలాన్ని ముందే పరావలయంగా పోత పోశారు. అందుకే పాదరసం పొర కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. మొత్తం 50 లీటర్లు. "లీటరు పదమూడున్నర కిలోలు, అంటే ఏడు క్వింటాళ్లకి దగ్గర" అని బాబాయి గొణిగాడు. అంత బరువు సన్నటి గాలి పొర మీద తేలుతూ తిరుగుతుంది, బేరింగులో లోహం లోహాన్ని తాకదు. వుడ్ బాధపడ్డ అదురు ఇక్కడ లేకపోవడానికి కారణం అదే.

చూస్తే ముందు ఏమీ తిరుగుతున్నట్టు లేదు. అద్దం మధ్యలో పై చట్రం ప్రతిబింబం కదలకుండా నిలబడి ఉంది. పరావలయం ఎంత తిరిగినా ఆకారం మారదు కాబట్టి అందులో బొమ్మా మారదు. అంచు వైపు చూస్తేనే తెలుస్తుంది. అంచు మీద ఒక చిన్న గుర్తుని పట్టుకుని బాబాయి చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు. ఎనభై సెకన్లు. నిన్న కారులో వేసిన లెక్క ఇక్కడ ఉక్కు చట్రం మధ్య తిరుగుతోంది, ఆయన మొహం చూడాలి ఆ క్షణంలో.

పాదరసం పైన పది మైక్రాన్ల మందంలో మైలార్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర కప్పి ఉంచుతారు. అద్దం తిరుగుతుంటే దాని పైన గాలి సుళ్లు తిరిగి పాదరసం మీద సన్నటి అలలు లేపుతుంది, ఆ పొర దాన్ని ఆపుతుంది. పాదరసం ఆవిరి విషం కాబట్టి దానిక్కూడా కాస్త అడ్డు. పాదరసం మీద తనంతట తాను ఏర్పడే ఆక్సైడ్ పొర కూడా ఆవిరిని బాగా తగ్గిస్తుందట. అయినా లోపల పనిచేసేవాళ్లు మాస్కులు వేసుకుంటారు, గాలిలో ఆవిరి ఎంతుందో కొలుస్తూ ఉంటారు.

రెండో బాధ, నక్షత్రం జారిపోవడం, దాని సంగతేంటని అడిగాను. ఇంజినీరు పైకి చూపించాడు. అద్దానికి ఎనిమిది మీటర్ల ఎత్తులో కెమెరా. నక్షత్రం బొమ్మ చిప్ మీద ఒక వైపు నుంచి రెండో వైపుకి జరగడానికి 102 సెకన్లు. చిప్‌లో చేరిన విద్యుదావేశాన్ని కూడా అదే వేగంతో వరస నుంచి వరసకి జరుపుకుంటూ పోతారు. బొమ్మా, ఆవేశమూ కలిసి నడుస్తాయి కాబట్టి గీత పడదు, చుక్క చుక్కగానే ఉంటుంది. అద్దాన్ని తిప్పలేకపోతే కెమెరాలోనే తిప్పేశారు! 1982లో కెనడాలోని లావల్ యూనివర్సిటీలో ఎర్మానో బోర్రా ఈ పాత ఆలోచనని మళ్లీ బయటికి తీయడానికి ధైర్యం వచ్చింది ఇలాంటి కెమెరాల వల్లే. తరవాత కెనడాకే చెందిన పాల్ హిక్సన్ బృందం పెద్దవి కట్టింది. న్యూ మెక్సికోలో 3 మీటర్లది నాసా కోసం కక్ష్యలోని చెత్తని లెక్కపెట్టింది, వాంకూవర్ దగ్గర 6 మీటర్లది కూడా ఉండేది. దేవస్థల్‌ది బెల్జియం, కెనడా, భారత్, పోలండ్, ఉజ్బెకిస్తాన్ కలిసి చేసింది. బెల్జియంలో తయారై, ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2022లో తొలి వెలుగు చూసి, 2023 మార్చి 21న లాంఛనంగా ప్రారంభమైంది.

రాత్రి నాకొచ్చిన సందేహం ఇక్కడ అడిగేశాను. ఒకే పట్టీ ఎందుకు? ఆయన చెప్పింది నా మాటల్లో: మామూలు పెద్ద టెలిస్కోప్ మీద రాత్రి దొరకడమే కష్టం, దరఖాస్తులు పెట్టుకుని వరస కట్టాలి. ఇది ఎవరినీ అడగదు. మబ్బు లేని ప్రతి రాత్రీ అదే పట్టీ. నిన్నటి బొమ్మలోంచి ఇవాళ్టిది తీసేస్తే మిగిలేది మారినదే: పేలిన సూపర్‌నోవా, కదిలిన గ్రహశకలం, ఎగిరిపోయిన ఉపగ్రహం ముక్క, వెలుగు మారిన క్వేజార్ (ఎంతో దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు). మధ్యలో ఉన్న గెలాక్సీ గురుత్వం వల్ల ఒకే క్వేజార్ రెండు మూడుగా కనిపించే వింతల్ని వెతకడం మొదటినుంచీ దీని లక్ష్యాల్లో ఒకటి. పైగా మన గెలాక్సీ ఉత్తర ధ్రువం దాదాపు ఈ పట్టీ పక్కనుంచే పోతుంది, అక్కడ పాలపుంత ధూళి అడ్డం తక్కువ కాబట్టి చాలా దూరం కనిపిస్తుంది. ఏదైనా వింత దొరికితే పక్కనే ఉన్న 3.6 మీటర్లదాన్ని అటు తిప్పి నిదానంగా పరిశీలించొచ్చు.

అది విన్నాక నాకైతే పెద్ద భవనం మీద మోజు తగ్గింది. అంత పరిమాణంలో గాజు అద్దానికి అయ్యే ఖర్చులో చిన్న వాటాతో, ఒకే పని ఇంత మొండిగా చేసే యంత్రం ఇంకోటి కనబడదు. పేపర్లలో మాత్రం దాని గురించి వచ్చేది "ఆసియాలోనే పెద్దది" అన్న ఒక్క ముక్కే.

బాబాయి చివరి ప్రశ్న చంద్రుడి మీద. గాలి లేదు, గురుత్వం తక్కువ, అక్కడ ఇంకా పెద్దది తిప్పొచ్చు కదా అని. అక్కడి చలికి పాదరసం గడ్డకడుతుంది కాబట్టి, అంత చలిలోనూ ద్రవంగానే ఉండే అయానిక్ లిక్విడ్ (ద్రవరూపంలో ఉండే ఒక రకం లవణం) మీద వెండి పూత వేసే ప్రయోగాలు బోర్రా వాళ్లే 2007లో ప్రచురించారట. మా డ్రైవర్‌కి ఈ సంగతి చెబితే "చూశారా, నేనడిగింది అదే కదా" అన్నాడు గర్వంగా.

నవంబర్ 30, భవాలీ మీదుగా కిందికి

తిరుగుదారిలో కైంచీ ధామ్ భక్తుల రద్దీకి భవాలీ దగ్గర గంటన్నర కదల్లేదు. ఆ గంటన్నరలో డ్రైవర్ దిగి వెళ్లి, అరకిలో బాల్ మిఠాయి తెచ్చాడు, రెండు వందల అరవై. కోవాని ముదురు రంగు వచ్చేదాకా కాచి, పైన తెల్లటి పంచదార గుళ్లు అద్దుతారు. బాబాయికి షుగర్, తినకూడదు. రెండు తిన్నాడు.

వెళ్దామనుకునేవాళ్లకి రెండు మాటలు. వానాకాలంలో, అంటే జూన్ చివర్నుంచి సెప్టెంబర్ దాకా, ఈ టెలిస్కోప్ మూసే ఉంటుంది, కాబట్టి అక్టోబర్ తరవాతే పెట్టుకోండి. అనుమతి ఏరీస్ నుంచి ముందే తీసుకోండి. ధానాచూలీ దాటే దగ్గర మాత్రం డ్రైవర్‌తో మాట్లాడకండి.